ప్రేమకవిత చదవడం, నాలుగో పాఠం: మాట్లాడుతున్నది కవి కాదు

ఈసారి వెన్నెల, చలిగాలి, కోయిల లాంటివి విరహకవితల్లో ఏం పని చేస్తాయో చెప్తానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన నాలుగు పాదాల మీద మీరు రాసి పంపిన జవాబులన్నీ చదివాను. అక్కడ గట్టిపడకుండా ముందుకి పోతే తర్వాత చెప్పేదంతా వృథా. కాబట్టి ఆ కవిత దగ్గరికే మళ్లీ వెళ్దాం. పాఠం కోసం నేనే రాసిన పాదాలివి:

జీడి పిక్కలు అమ్మేశాం బావా,
ధర బాగానే వచ్చింది.
నీ చొక్కా కొక్కేనికే ఉంది,
ఉతుకుతానన్న అత్త మీద కసిరాను.

ఇందులో ఏం జరుగుతోంది, అంతే నేనడిగింది. వచ్చిన జవాబుల్లో ఎక్కువ వాటికి ఆ ప్రశ్నతో పనే లేకపోయింది. "ఆవిడ ఎవరు సార్?" అని చాలామంది. "మీది విజయనగరం కదా, జీడితోట ఎక్కడిది, అత్తవారిది ఉద్దానమా?" అని ఒకరు. ఇంకొకాయన చాలా దూరం వెళ్లి, నేను ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉన్న రోజుల్లో మా ఆవిడ రాసిన ఉత్తరంలోంచి ఈ ముక్క తీసుకున్నానని తేల్చేశారు. సాలూరు నుంచి ఒకమ్మాయి ఇంకో వైపు నుంచి వచ్చి, మగవాడు రాశాడు కాబట్టి ఇందులో ఆడదాని మనసు ఉండదు, ఇది అబద్ధపు కవిత అంది. పైకి ఇవి వేరువేరు జవాబుల్లా ఉన్నాయి కానీ అన్నీ పడింది ఒకే గోతిలో. కవితలో ‘నేను’ అన్న మాట కనపడగానే అది కవేనని అనుకోవడం, కవి కాకపోతే మోసమనుకోవడం.

ఆ గొయ్యి సంగతి చూసేముందు, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పుకుందాం. ఆమె ముందు ఇంటి కబురు చెప్పింది. ‘అమ్మేశాం’ అంటే అందరి తరఫునా చెప్తోంది. ధర బాగానే వచ్చిందంది. ఈ పాదం పట్టుకుని ఇద్దరు ముగ్గురు ఆమెకి డబ్బే ముఖ్యమని రాశారు. అతను ఇల్లు వదిలి వెళ్లిందే డబ్బు కోసం అయితే? ధర బాగా వచ్చిందంటే, ఇక నువ్వు అంత దూరాన ఉండక్కర్లేదేమో అనే మాట అందులో దాగి ఉండదా? మన దగ్గర జీడి కోతలు వేసవి మొదట్లో. పిక్కలు అమ్మేశారంటే ఎండలు ముదిరాయి. అతను ఎప్పుడు వెళ్లాడో చెప్పలేదు గానీ చొక్కా చెప్తోంది. వెళ్లేరోజు విప్పి తగిలించిన చొక్కా, ఉతకనిది, అతని చెమట వాసన ఇంకా పోనిది. అత్త ఉతుకుతానంటే ఉతకనివ్వలేదు. ఎందుకు ఉతకనివ్వలేదో అత్తకి చెప్పలేదు, చెప్పలేదు కాబట్టే కసిరింది. ఇప్పుడు ఆ సంగతి అతనితో కూడా నేరుగా చెప్పకుండా, తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్తోంది. మీ అమ్మ మీద కోప్పడ్డాను సుమా, అని. అత్త ఫోన్లో తన మీద చాడీ చెప్పకముందే తనే చెప్పుకుంటోందని కూడా చదవచ్చు, అదీ తప్పు కాదు.

మందస వైపు నుంచి ఒకావిడ మాత్రం ఒక్క వాక్యమే రాశారు: "మొగుడితో అనాల్సిన మాట అత్త మీద కోపంగా బయటికొచ్చింది." అంతే. చదవడమంటే అది. ఆవిడ నా పెళ్లి గురించి ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఆ గొయ్యి. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇరవయ్యేళ్ల కుర్రాళ్ల దగ్గర్నుంచి డిగ్రీ కాలేజీల్లో తెలుగు చెప్పేవాళ్ల దాకా ఇందులో పడుతున్నారు. ప్రేమకవిత కనపడగానే కవి జీవితచరిత్ర తవ్వుతారు. పెళ్లెప్పుడైంది, భార్య పోయిందా, ఎవర్నైనా ఇష్టపడ్డాడా. దొరికింది తెచ్చి కవిత మీద అంటిస్తారు. అక్కడితో కవిత చదవడం అయిపోయిందనుకుంటారు. అసలు చదవడం మొదలే కాలేదు.

మన భాషలో ప్రేమ గురించి పాడిన గొప్పవాళ్లలో ఒకడు క్షేత్రయ్య. 17వ శతాబ్దం, మువ్వగోపాలుడి పేరు ముద్రగా పెట్టుకున్నవాడు. ఆయన పదాల్లో చాలావరకు మాట్లాడేది ఆడది. ఒక పదంలో అలిగిన ఆడది, ఇంకోదాంట్లో వేరేదాని ఇంటినుంచి తెల్లారి వచ్చినవాణ్ని నిలదీసే ఆడది, మరోదాంట్లో అన్నీ తెలిసి నవ్వే ఆడది. క్షేత్రయ్య మగవాడు కాబట్టి ఇవన్నీ అబద్ధాలని అంటారా? ఆ పదం పట్టి అభినయించే నర్తకి ఆ రాత్రి తనింట్లో జరిగిన గొడవ చెప్తోందని ఏ సభలో ఎవరైనా అనుకున్నారా? అక్కడ ఎవరికీ రాని అనుమానం, అచ్చులో చదివేసరికి మనకెందుకు వస్తోంది? నాకు తోచింది ఏమిటంటే, అచ్చుకాగితం మీద పైన కవి పేరు ఉంటుంది, కింద ‘నేను’ ఉంటుంది, మధ్యలో మనిషి ఎవరూ కనపడరు. పాడేవాళ్లు, ఆడేవాళ్లు ఎదురుగా ఉంటే పాత్ర కనపడుతుంది. ఒంటరిగా చదువుకుంటే పాత్ర మాయమై కవి మిగులుతాడు.

ఈ అలవాటు ఎంత చెరుపు చేస్తుందో తెలియాలంటే ముద్దుపళని సంగతి చూడండి. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ఆమె ‘రాధికాసాంత్వనం’ రాసింది. అలాంటి శృంగారం, అంతకు మించిన శృంగారం మగకవుల ప్రబంధాల్లో కావలసినంత ఉంది. వాటిని వర్ణన అన్నారు, కవిసమయం (కవుల్లో వస్తున్న వాడుక) అన్నారు. ఆమె రాసేసరికి అది ఆమె నడవడికకు సాక్ష్యమైపోయింది. వీరేశలింగం అంతటివాడు ఆమె పుట్టుకని, వృత్తిని ఎత్తి తిట్టాడు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని సరిచూసి అచ్చువేయించి, మగవాళ్లు రాస్తే లేని సిగ్గు ఆడది రాస్తే ఎందుకని ఎదురడిగింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో గానీ ఆ నిషేధం పోలేదు. ‘నేను’ అంటే కవే అన్న చదువు ఒక మంచి కావ్యాన్ని అన్నేళ్లు జనానికి దూరం చేసింది. ఇది ఊరికే అభిరుచి తేడా కాదు. అందుకే నాకింత పట్టుదల.

సాలూరు అమ్మాయికి ప్రత్యేకంగా ఒక మాట. మగవాళ్లు ఆడగొంతుతో రాసినప్పుడు ఆ గొంతులో మగవాడి కోరికే వినపడుతోందని నువ్వు కవితలోంచే చూపించగలిగితే, అది గట్టి విమర్శ, నేను ఒప్పుకుంటాను. క్షేత్రయ్యలోనూ అలాంటివి చూపించవచ్చు. కానీ చూపించాలి. ఏ పాదంలో, ఏ మాట దగ్గర అని. రాసింది మగవాడు కాబట్టి అని పేరు చూసి తేల్చేస్తే, ముద్దుపళని విషయంలో పెద్దలు చేసింది కూడా అదే కదమ్మా.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. కవిత కవి జీవితం కాకపోతే నిజానికీ దానికీ సంబంధమే లేదా? ఉంది. ఎక్కడుందో చూపించడానికి ఒక పాత గాథ తీసుకుంటాను. హాలుడు అనే శాతవాహన రాజు పేరున ఉన్న ప్రాకృత సంకలనం గాథాసప్తశతి లోది. సంగతి ఇది: ఒకామె ఒక ధర్మాత్ముడితో అంటుంది, "అయ్యా, ఇక నిశ్చింతగా తిరుగు. నిన్ను భయపెట్టే ఆ కుక్కని, గోదావరి ఒడ్డు పొదల్లో ఉంటున్న పొగరుబోతు సింహం ఇవాళ చంపేసింది." గాథ మొత్తం అంతే.

ఇది మొదటిసారి చెప్పినప్పుడు ఎప్పుడూ ఒకరు అడుగుతారు, గోదావరి ఒడ్డున సింహాలుండేవా అని. ఉండేవా లేదా అన్నది ఆ గాథకి అక్కర్లేదు. ఆ పొదల్లో ఆమె తన ప్రియుణ్ని కలుసుకుంటుంది. ఆ పెద్దమనిషి రోజూ పూలు కోసుకోవడానికి అటే వస్తాడు. కుక్క ఉందని జంకుతూనే వస్తున్నాడు. నిశ్చింతగా తిరుగు అంటూనే సింహం పేరు చెప్పి ఇక అటు అడుగు పెట్టకుండా చేసింది. పైకి రమ్మని, లోపల రావద్దని. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని, అంటే మాట వెనక దాగిన అర్థం, ఏమిటో చెప్పడానికి ఎత్తుకున్న ఉదాహరణల్లో ఇది ముందు వరసలోది. ఇక్కడ నిజమెక్కడుందో చూడండి. సింహం అబద్ధం. కుక్క చచ్చిందో లేదో ఆమెకే తెలియాలి. కవికి అలాంటి ప్రియురాలు ఉందో లేదో ఎవరికీ తెలియదు. కానీ ఊళ్లో నలుగురి కళ్లు కప్పి కలుసుకోవడానికి చోటు దొరక్కపోవడం, దొరికిన చోటుని మాటతో కాపాడుకోవడం, పెద్దమనిషిని ఎదిరించలేక గౌరవంగానే తప్పించడం, ఇవి నిజం. ఏ పల్లెలోనైనా నిజం, ఇప్పటికీ.

అదే సంకలనం నుంచి ఇంకొకటి, చిన్నగా. ఇంటికొచ్చిన బాటసారితో కోడలు అంటుంది: అత్త ఇక్కడ పడుకుంటుంది, నేను ఇక్కడ, రేచీకటివాడివి కదా, పగలే చూసి పెట్టుకో, రాత్రి మా పక్కల మీద పడేవు. అత్త వింటోంది. అత్తకి అది జాగ్రత్త, బాటసారికి పిలుపు. విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటాను.

అందుకే నేను చదివేటప్పుడు ఒక అడ్డదారి వాడతాను. కవి పేరు మీద కాగితం పెట్టేస్తాను. పక్కన పెన్సిలుతో మూడు ప్రశ్నలు రాసుకుంటాను: ఎవరు, ఎవరితో, ఇంకెవరు వింటుండగా. ఈ మూడోదాన్ని మాత్రం వదలకండి. ప్రేమమాటల్లో సగం పక్కవాళ్లు వింటున్నారని వంకర తిరిగినవే. ఈ మూడూ అయ్యాక నాయిక స్వాధీనపతికా, ఖండితా, కలహాంతరితా అన్న పేర్లు కావాలంటే పెట్టుకోండి. ఎనిమిది రకాలూ ఏ అలంకారశాస్త్రం పుస్తకంలోనైనా దొరుకుతాయి, ఇక్కడ చెప్పను. పేరు ముందు పెట్టి కవితని అందులో ఇరికించడం మాత్రం నాకు నచ్చదు.

ఒక్క పేరు దగ్గర ఆగుతాను. ప్రోషితభర్తృక, అంటే భర్త ఊరెళ్లిన స్త్రీ. పుస్తకంలో చదివితే చేతికి గాజులు జారిపోతూ గోడ మీద గీతలు గీసి రోజులు లెక్కపెట్టే బొమ్మ కనపడుతుంది. శ్రీకాకుళం తీరం వాళ్లకి ఆ బొమ్మ అక్కర్లేదు. ఇక్కడి మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్‌కి బోట్ల మీద పనికి పోతారు, నెలలతరబడి రారు. 2018 నవంబరులో అలా వెళ్లిన మన జిల్లాల వాళ్లు అక్కడి సముద్రంలో పాకిస్తాన్‌కి పట్టుబడితే 2020 జనవరిలో గానీ ఇళ్లకి రాలేదు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఎలా ఉన్నారో నేను రాయబోను, అది వాళ్ల బతుకు. కానీ ఆ తీరాన పుట్టినవాళ్లు విరహం గురించి రాసినా చదివినా, గాజులు జారడం కన్నా ముందు చేతిలో ఫోను, ఇవ్వాల్సిన అడ్వాన్సు, కొక్కేనికి చొక్కా గుర్తుకొస్తాయి. కవితలోకి నిజం వచ్చే దారి అది. కవి ఎవర్ని ప్రేమించాడన్న దారిన రాదు. ఎదురుచూడ్డం ఆ నేలమీద ఏ రూపంలో ఉంటుందన్న దారిన వస్తుంది. అందుకే గాజులు జారిపోయే పాత పద్యమూ అబద్ధం కాదు. చిక్కిపోవడం నిజమే, అది చెప్పడానికి ఆ కాలం వాళ్ల దగ్గర ఉన్నవి గాజులు.

భావనపాడు నుంచి ఒకాయన రాశారు. వాళ్ల తమ్ముడు వేరావల్లో ఉంటాడట, చొక్కా పాదం చదివి కళ్లు చెమర్చాయట, "ఇది మా ఇంటి సంగతే, మీకెలా తెలిసింది" అన్నారు. నాకు తెలియదు. కవిత ఆయన ఇంటి గురించి కాదు, నా ఇంటి గురించీ కాదు, అందుకే ఇద్దరికీ పట్టింది. మన ఆలంకారికులు దీన్నే సాధారణీకరణం అన్నారు. భట్టనాయకుడు చెప్పాడు, అభినవగుప్తుడు విస్తరించాడు. చదివేటప్పుడు ఆ బాధ నాదీ అనిపించదు, నాది కాదనీ అనిపించదు. ఫలానావాడిదని గట్టిగా అనిపిస్తే ఒకరి ఇంట్లోకి తొంగిచూసినట్టుంటుంది. అచ్చంగా నాదే అనిపిస్తే ఏడుపే మిగులుతుంది, రసం ఉండదు. భావనపాడు ఆయన చదువు సరైనదే. చివర ‘మీకెలా తెలిసింది’ అన్నది ఒక్కటే అక్కర్లేనిది.

ఇక ఎదురు ఉదాహరణ. దాన్ని దాచిపెట్టడం అన్యాయం. విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’ ఉంది. చనిపోయిన భార్య పేరుమీదే రాశాడు. అక్కడ ‘నేను’ కవే, ‘ఆమె’ నిజంగా బతికి పోయిన మనిషే. ఇలాంటిచోట జీవితం తెలియాలి, తెలియకపోతే కొన్ని పద్యాలు అందవు. కానీ అక్కడ కూడా నా పద్ధతి మార్చను: ముందు ఒకసారి కాగితం పెట్టి, తర్వాత ఒకసారి తీసి. కాగితం తీశాక కవిత పెద్దదైతే సరే. కాగితం తీస్తే గానీ నిలబడని పద్యాన్ని దుఃఖం పట్ల గౌరవంతో చదువుతాను, అంతవరకే.

రెండో ఎదురు ఉదాహరణ మన ఊరిదే. 1892లో విజయనగరంలో మొదట ఆడిన కన్యాశుల్కంలో గిరీశం విధవ మీద ఇంగ్లీషులో పద్యం రాసి శిష్యుడు వెంకటేశానికి వినిపిస్తాడు. పద్యం చూస్తే జాలి ఉంది, సంస్కారం ఉన్నట్టుంది. నాటకం చూస్తున్న మనకి ఆ మనిషి తెలుసు, ఎవర్ని మెప్పించడానికి ఏ పని కోసం ఆ మాటలు వాడతాడో తెలుసు. పద్యాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఇది మనస్ఫూర్తిగా రాశాడా లేదా అని ఎంత పిండినా జవాబు రాదు. ఎవరు, ఎవరితో, ఎందుకు అని అడిగితేనే వస్తుంది. గురజాడ మన చేత నాటకం నిండా చేయించింది ఆ పనే. ప్రేమమాట అందంగా ఉంటే నిజమనుకోవడం కూడా ‘నేను అంటే కవే’ లాంటి గొయ్యే. పెళ్లికాని అమ్మాయిలు, అబ్బాయిలు ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఎంకి పాటల గురించి అడిగినవాళ్లకి: ఒక్కో పాటకి పైన ‘ఎంకి’ అనో ‘నాయుడుబావ’ అనో పెన్సిలుతో రాసుకుంటూ పోండి. సగం పని అయిపోతుంది. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో ఉన్నది జీవాత్మ పరమాత్మలా, ఆడా మగానా అన్నది పెద్ద విషయం, దానికి వేరే పాఠం కావాలి. ఇప్పటికి ఒక్కటే చెప్తాను, అలమేలుమంగ అలక ఆడదాని అలకలా తగలకపోతే ఆ పై అర్థానికి కూడా బలం ఉండదు.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టంగానే ఇస్తున్నాను. ఇది కూడా పాఠం కోసం రాసిందే:

మొదటి బస్సు వెళ్లిపోయింది,
రెండో బస్సూ వెళ్లిపోయింది.
చెరువుగట్టు మీద కుక్కలెక్కువయ్యాయట,
నువ్వుండవే చెల్లీ, నీళ్లకి నేను వెళ్తాను.

ఒకటి, మాట్లాడుతున్నది పెళ్లికాని పిల్ల అనుకుని అర్థం రాయండి. తర్వాత, మొగుడొదిలేసిన ఆడది అనుకుని మళ్లీ రాయండి. తర్వాత, బస్సు దిగాల్సిన మనిషి ఈ చెల్లెలి కోసం వస్తున్నాడు, అక్కకి ఆ సంగతి తెలుసు అనుకుని ఇంకోసారి రాయండి. మూడింటిలోనూ కుక్కలు నిజంగా ఉన్నాయా లేవా, ఎందుకు అనుకుంటున్నారు, అది తప్పకుండా చెప్పాలి.

రెండు, పైన జీడి పిక్కల కవితని అత్త గొంతుతో నాలుగు పాదాల్లో రాయండి. ప్రేమ, బాధ, కన్నీరు, గుండె అన్న మాటలు ఉండకూడదు. అత్త కోడల్ని తిట్టొచ్చు. కోడలు చొక్కా ఎందుకు ఉతకనివ్వలేదో అత్తకి తెలుసని, కానీ తెలిసినట్టు కనపడనివ్వదని చదివినవాళ్లకి తెలియాలి.

మూడు, మీ ఇంట్లోనో వీధిలోనో ఉభాలకి (వరినాట్లకి) వెళ్లి పాడిన పెద్దావిడని పట్టుకుని ఒక్క ప్రేమపాట రాసుకోండి. పాటతో పాటు, ఆ పాట ఎవరు మొదలెట్టేవారు, ఎవరు అందుకునేవారు, గట్టు మీద ఎవరుంటే ఏ చరణం వదిలేసేవారు, ఇవన్నీ అడిగి రాయండి. వదిలేసిన చరణం దొరికితే అది తప్పకుండా పంపండి. ఆవిడ పేరు మాత్రం ఆవిడ సరేనంటేనే రాయండి.

సిరిమానోత్సవం వారంలో బస్సులు, ఇళ్లు కిటకిటలాడతాయి, ఎవరికీ తీరిక ఉండదు. సిరిమాను తిరిగే ఆ మంగళవారం దాటాక ఆదివారంలోగా పంపితే చాలు. వెన్నెల పాఠం ఆ తర్వాతే.